కేకు అయ్యేలోపు

కేకు అయ్యేలోపు వచ్చేస్తానంది. అంతే. ఎక్కడికో చెప్పలేదు, ఎందుకో చెప్పలేదు, ఉన్ని టోపీ నెత్తిన పెట్టుకుని, కోటు తగిలించుకుని, బూట్ల తాళ్ళు సరిగ్గా కట్టుకోకుండానే గుమ్మం దాటింది. నా చేతులనిండా పిండి, పట్టి ఆపలేకపోయాను. పట్టుకుని ఉంటే ఆ నల్లకోటు మీద నా ఐదు వేళ్ళూ తెల్లగా పడేవి, పడితే పడనీ, దారిలో ఎవరైనా చూసి ఈ పిల్లకి ఇంట్లో ఒక అమ్మ ఉంది అనుకునేవాళ్ళు. మెట్ల మీద బూట్ల చప్పుడు విన్నాను, కింద వీధి తలుపు పడిన చప్పుడు విన్నాను, వెనక్కి తిరిగేసరికి బల్ల మీద గుడ్డుపెంకుల పక్కన దాని ఫోను. మరిచిపోయిందనుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాను, ఆవిరి పట్టిన అద్దాన్ని మోచేత్తో తుడిచాను, కేకెయ్యబోయి ఆగిపోయాను. మరిచిపోలేదు. పిండి పడకుండా ఫోను మీద చేతిగుడ్డ కప్పి మరీ వెళ్ళింది. మరిచిపోయేవాళ్ళు గుడ్డ కప్పరు. నేను ఫోను చేస్తానని దానికి తెలుసు, ఎత్తేదాకా చేస్తూనే ఉంటానని తెలుసు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని దానిది. ఆ దుకాణం యజమాని అంటాడట, మీ అమ్మగారి ఫోను వచ్చిందంటే టీ తాగే వేళయిందన్నమాట అని. అందరూ నవ్వుతారట. ఇదివరకు అదీ నవ్వేది.

ఓవెన్ ముందు పీట వేసుకుని కూర్చున్నాను. లోపల దీపం పసుప్పచ్చగా వెలుగుతోంది, గిన్నెలో పిండి ఇంకా పిండిలాగే ఉంది, కదలిక లేదు. గంట పడుతుంది, వేడి తగ్గించి పెడితే ఇంకాస్త. వేడి తగ్గిస్తే అది వచ్చేందుకు ఎక్కువ సమయం దొరుకుతుందని ఒక ఆలోచన, తగ్గిస్తే దాని రాక కూడా అంత ఆలస్యమవుతుందేమోనని ఇంకో ఆలోచన, చెయ్యి మీట దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఇలాంటి లెక్కలు నీ బుర్రలో పుట్టినన్ని ఇంకెవరి బుర్రలోనూ పుట్టవు అంటారు మా ఆయన. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నాకు వేరే లెక్కలు రావు. సంవత్సరం చివరి సెలవులు, వీధిలో మనిషి అలికిడి లేదు, కాలిబాట మీద పొద్దున పట్టిన మంచు మధ్యాహ్నం తిరిగినా కరగలేదు, గాజులా మెరుస్తోంది. జారితే నడుం విరుగుతుంది. వెల్లకిలా పడితే తల తగులుతుంది. దాని బూట్ల అడుగులు నున్నగా అరిగిపోయాయి, కొత్తవి కొనుక్కోవే అంటే చూద్దాంలే అంది. చూద్దాంలే అన్న ప్రతి మాట వెనకా నాకు ఒక గొయ్యి కనిపిస్తుంది.

కేకు పొద్దున అదే అడిగింది. ఈ ఓవెన్ పోయిన చలికాలం తర్వాత వెలగలేదు, పెనాలు, మూకుళ్ళు, వాడని మూతలు అన్నీ అందులో కుక్కేసి అలమర చేసిపెట్టాను. ఇవాళ లేచి నీళ్ళు తాగడానికి వచ్చిన పిల్ల, గ్లాసు పక్కన పెట్టి, వంగి, ఒక్కొక్క పెనమే బయటికి తీసి నేల మీద పేర్చింది. ఏంటే అంటే, కేకు చెయ్యవా అమ్మా, నారింజ తొక్క వేసి, అంది. ఏం పెట్టనే అంటే ఏదో ఒకటి అనే పిల్ల, పెట్టింది కెలికి వదిలేసే పిల్ల, పసితనంలో ఎప్పుడు చూసినా నోరు తెరుచుకుని ఉండేదని మేం పిట్ట అని పిలుచుకున్న పిల్ల, ఇన్ని నెలల తర్వాత నోరు తెరిచి ఫలానాది కావాలంది. సంతోషంతో నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. వెన్న మెత్తబడాలని బయట పెట్టాను. వెన్న మెత్తబడేలోపే భయం వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఇవాళే ఎందుకు అడిగింది? ఇన్నాళ్ళూ లేనిది ఇవాళే ఎందుకు? ప్రాణం మీద ఆశ లేనివాళ్ళు పోయేముందు ఇష్టమైనదేదో అడుగుతారని ఎక్కడో విన్నాను, ఎవరన్నారో గుర్తులేదు. మంచిమాట ఒక్కటీ నా చెవిలో నిలవదు, ఇలాంటివి మాత్రం అద్దె కట్టకుండా కాపురం ఉంటాయి.

అయినా చెయ్యి పనిలో పడ్డాక కాసేపు బాగానే ఉంది. వెన్నా చక్కెరా కలిపి గిలక్కొడుతుంటే మొదట గరగరమంటుంది, తర్వాత మెల్లగా మెత్తబడి తెల్లబడుతుంది, ఆ రంగు మారే క్షణం నాకెప్పుడూ ఇష్టం, ఏదో ఒకటి మనం అనుకున్నట్టే అవుతుంది అక్కడ. నారింజ తొక్క గీరితే వాసన లేచింది, దాంతోపాటు పాత చలికాలాలన్నీ లేచి వంటిల్లంతా నిండాయి. ఈ గది తప్ప ఇంకేదీ వెచ్చగా ఉండని ఇల్లు మాది. సెలవులొస్తే నలుగురం ఇక్కడే. ఆయన ఆ మూల కూర్చుని పైపులు బిగించే పానాలకు నూనె రాసుకునేవారు, పిల్లలిద్దరూ బల్ల కింద దూరి ఎండుద్రాక్ష దొంగతనం, నేను చూసీ చూడనట్టు ఇంకో గుప్పెడు అంచున పెట్టేదాన్ని. కిటికీ అద్దాల మీద ఆవిరి కారుతుండేది, పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూనే ఉండేది. సంవత్సరం మొత్తంలో నాకు కంటినిండా నిద్రపట్టేది ఆ కొన్ని రోజులే. ఎవరూ గడప దాటరు కదా, తలుపుకి గడియ పెట్టి, తలలు లెక్కపెట్టుకుని, దీపం ఆర్పేసి పడుకోవచ్చు. ఇవాళ కూడా గుడ్లు నలుగురి లెక్కకే కొట్టాను. కొట్టాక తెలిసింది. కొట్టిన గుడ్డు మళ్ళీ పెంకులోకి పోదు కాబట్టి పిండీ వెన్నా పెంచేశాను, అందుకే గిన్నె అంచుల దాకా వచ్చింది.

పెద్దోడు లిఫ్టులు బాగుచేసేవాడు. లిఫ్టు నడిచే ఆ చీకటి బావిలో తాడు కట్టుకుని వేలాడే పని, ఆ పనిలో చేరిన రోజు నుంచీ నా కడుపులో కూడా ఒక తాడు వేలాడుతూ ఉండేది. పనివేళల్లో ఫోను చేసేదాన్ని. ఎత్తగానే "అమ్మా, ఇంకా కింద పడలేదు, పడితే నేనే చేస్తా" అనేవాడు. చచ్చినోడా అలాంటి మాటలు అనకురా అని తిట్టేదాన్ని. చచ్చినోడా. ఎన్నిసార్లన్నానో ఆ మాట, ముద్దుగా. నీళ్ళకు భయపడ్డాను, ఈత నేర్చుకోనివ్వలేదు. రోడ్లకు భయపడ్డాను, బండి కొననివ్వలేదు. కరెంటుకు, కుక్కలకు, గొంతులో ముల్లుకు, దడికి ఆరేసిన బట్టల్లో దూరే తేలుకు, రాత్రిపూట ఇంటి దారికి, అన్నిటికీ భయపడ్డాను. వరసపెట్టి ఒక్కొక్క గుమ్మం దగ్గరా కాపలా కాశాను. ఆ రోజు వాడికి సెలవు. చలికాలం ఆఖరు, ఇంకా గాలి కోస్తూనే ఉంది. క్రాపు చేయించుకొస్తానమ్మా అన్నాడు. వంతెన వైపు వెళ్ళే వీధిలో సెలూను, నడిచి వెళ్ళేంత దూరం, చిన్నప్పటి నుంచీ వెళ్ళేదే. క్రాపుకి వెళ్ళే పిల్లాడి గురించి ఏమని భయపడతాం? సరే వెళ్ళిరా అన్నాను. పొయ్యి మీద సూపు కలుపుతూ ఏదో కూనిరాగం కూడా తీశానట, ఆయన తర్వాత ఎప్పుడో అన్నారు, చాలా రోజులకి నువ్వు పాడటం విన్నానని. ఆ కుర్చీలోనే పోయాడు. తలలో నరం చిట్లిందన్నారు డాక్టరు, పుట్టుకతో ఉన్న లోపం, ఎవరికీ తెలిసేది కాదు, ఎవరూ ఏం చెయ్యగలిగేది కాదు అన్నారు. మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టి ఉందట, సగం తలకి క్రాపు అయిందట. ఆ సగం క్రాపుతోనే పంపాం.

ఆ ఒక్కరోజే నేను భయపడలేదు. ఈ మాట ఆయనతో అంటే, నీ భయానికీ నరానికీ ఏంటే సంబంధం, పిచ్చా అన్నారు. పిచ్చే కావచ్చు. కానీ ఇన్నేళ్ళూ నేను భయపడినవేవీ జరగలేదు కదా. నీళ్ళు ముంచలేదు, తాడు తెగలేదు, తేలు కుట్టలేదు. భయపడని చోటే జరిగింది. అలాంటప్పుడు దేన్ని నమ్మాలి మనిషి? మిగిలిన పిల్ల గురించి ఏ గుమ్మం వదలాలి? అందుకని ఒక్కటీ వదల్లేదు. నిద్రలో దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగితే తలుపు కొడుతున్నాను. తలనొప్పి అందంటే డాక్టరుకి ఫోను చేస్తున్నాను. మొన్న అన్నం దగ్గర చెంచా కింద పెట్టి అంది, "నువ్వు నన్ను చూసినప్పుడల్లా నేను పోయాకే చూస్తున్నట్టు చూస్తావమ్మా. నేనింకా ఉన్నా." ఆయన తల దించుకున్నారు. నేను ఇకనుంచి ఏమీ అనను తల్లీ, ఒట్టు, అన్నాను. ఆ రోజు నుంచి నోరు కుట్టేసుకుని తిరుగుతున్నాను. కుట్టేసుకోబట్టే కదా ఇందాక ఎక్కడికే అని గట్టిగా అడగలేకపోయాను. జాగ్రత్త చెప్పకుండా పంపిన పిల్లల్లో ఇది రెండోది.

లేచి ఓవెన్ తలుపు తీశాను. తీయకూడదని తెలుసు. ఇంటిల్లిపాదికీ తెలుసు. లోపల ఏమవుతుందోనన్న బెంగతో సగంలోనే తలుపు తీస్తాను, చల్లగాలి తగిలి కేకు నడిమి భాగం ఉసూరుమని కూలుతుంది. మా ఇంట్లో ఏ కేకుకైనా నడుమ గుంట ఉండాల్సిందే. అందులో జాము పోసి, కుంటలో చేపల్లా ఎండుద్రాక్ష వదిలేవాళ్ళు పిల్లలు. పిట్ట బడిలో చేరిన కొత్తలో ఎవరింటికో పుట్టినరోజుకి వెళ్ళి, నున్నగా పొంగిన కేకు చూసి, పాపం మీ కేకు పాడైపోయిందా ఆంటీ, గుంట రాలేదేం, అని ఆవిణ్ణి ఓదార్చి వచ్చింది. పెద్దోడు ఆ కథ లిఫ్టు వాళ్ళందరికీ చెప్పేవాడు. ఇప్పుడూ అంతే, తలుపు తీయగానే అప్పుడప్పుడే లేస్తున్న పొంగు ఒక్కసారి నిట్టూర్చి కిందికి దిగింది. వేడిగాలి నా మొహానికి కొట్టింది, కళ్ళు మండాయి, కాసేపు ఆ తలుపు అలాగే పట్టుకుని ఉండిపోయాను, వేడికోసం, ఏడవడానికి ఒక సాకు దొరికినందుకు. తర్వాత మూశాను.

తలుపు చప్పుడైంది. అయిపోయింది అనుకున్నాను. ఎవరో వచ్చారు, చెప్పడానికి వచ్చారు, దాని టోపీ చేత్తో పట్టుకుని వచ్చారు.  తీస్తే పైవాటా ఆవిడ, బడిలో ఆయాగా చేస్తుంది, భుజాల మీద దుప్పటి కప్పుకుని, చేతిలో ఖాళీ గిన్నె.

"ఏంటి వదినా, వాసన మా వాటా దాకా వచ్చి చెవి పట్టుకుని లాక్కొచ్చింది. కాస్త చక్కెర ఉంటే పెట్టు, ఊరికే అడగడానికి సిగ్గేసి గిన్నె తెచ్చా, అసలు వచ్చింది కేకు కోసమే."

"ఇంకా అవ్వలేదు వదినా."

"గుంట పడిందా?"

"పడింది."

"అయితే బాగానే ఉందిలే. అలా పాలిపోయావేం? ఒంట్లో బాలేదా?"

"పిట్ట బయటికెళ్ళింది. ఫోను ఇక్కడే పెట్టేసింది."

"చూశా చూశా, పైనుంచి చూశా. వంతెన వైపు పోతోంది. ఈ చలిలో ఎక్కడికే అని కేకేశా, వినిపించుకోలేదు, తల వంచుకుని గబగబా పోయింది. వయసు పిల్ల, ఎవడైనా ఎదురుచూస్తున్నాడేమో, నువ్వు ఊరికే కంగారు పడకు."

చక్కెర పోస్తుంటే గిన్నె నిండి పొర్లింది. చాలు చాలు వదినా, పాయసం వండి ఊరంతా పంచమంటావా అని నవ్వి, నా చెయ్యి పట్టుకుంది, పట్టుకుని నవ్వు ఆపేసింది. చెయ్యి చల్లగా ఉందేంటి, పొయ్యి దగ్గర ఉండి, అంది. వస్తుందిలే అని రెండుసార్లు అని వెళ్ళిపోయింది. రెండోసారి అనకుండా ఉంటే బాగుండేది.

వంతెన వైపు. వంతెన కింద నది, ఈ కాలంలో నల్లగా, అంచుల్లో మంచు తెట్టె కట్టి, మధ్యలో మాత్రం పారుతూ ఉంటుంది. ఆ వైపు దానికి పనేముంది? ఆ దారిలోనే సెలూను వీధి, అన్న పోయాక ఆ వీధి మొహం చూడదు అది, పనికి వెళ్ళడానికి కూడా ఎంత చుట్టైనా తిరిగి పోతుంది. అలాంటి పిల్ల ఆ వైపు నడిచిందంటే ఆ వీధి దాటుకుని పోవడానికి సిద్ధపడిందన్నమాట, తల వంచుకుని, పిలిచినా పలకకుండా. ఆయనకి ఫోను చేశాను. ప్లంబరు ఆయన, చలికి పైపులు పగిలే కాలం, సెలవుల్లోనే చేతినిండా పని.

"ఏమైంది?"

"అది వంతెన వైపు వెళ్ళిందండి."

"వెళ్తే? నడవడానికే కదా వంతెన కట్టింది."

"ఫోను ఇంట్లో పెట్టేసింది. కేకు అడిగింది. నాకు భయంగా ఉంది."

"ఇదిగో, నేను ఎవరిదో సింకు కింద వెల్లకిలా పడుకుని ఉన్నా, నీళ్ళు తిన్నగా చెవిలోకి పోతున్నాయి." అని ఆగారు. నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి, "నన్ను వెళ్ళి చూడమంటావా?" అన్నారు. అంటే ఆయనకీ భయం ఉంది. పైకి కనబడనివ్వరుగానీ, ఆయన సంచిలో పానాల మధ్య ఎక్కడో ఒక మూల అదీ ఉంది. అది తెలిశాక ధైర్యం రావాలా, ఉన్నది కాస్తా పోవాలా?

"వద్దులెండి" అన్నాను. "కేకు అయ్యేలోపు వస్తానంది."

"వస్తానంటే వస్తుంది. మాట తప్పే పిల్ల కాదు" అన్నారు. ఫోను పెట్టెయ్యకుండా కాసేపు ఇద్దరం ఆ నీళ్ళ చప్పుడు వింటూ ఉండిపోయాం.

ఆప్రాన్ మీదే కోటు వేసుకున్నాను, గుమ్మం దాకా వెళ్ళాను. నేను వెళ్ళాక అది ఇంకో దారిన వస్తే? తాళం చూసి వెనక్కి తిరిగి పోతే? ఓవెన్ వెలుగుతూ ఉంది, వదిలేసి పోతే ఇల్లు అంటుకుంటే? ఆపేసి పోతే కేకు అవ్వదు, కేకు అయ్యేలోపు అన్న మాటకి అర్థమే ఉండదు. కోటుతోనే తిరిగొచ్చి క్యారెట్లు ముందేసుకున్నాను. చేతులకి ఏదో ఒక పని ఇవ్వాలి. క్యారెట్ చెక్కు తీస్తే నేల మీద పడిన పొడుగు తొక్క కూడా తెగిన తాడులా కనిపించింది, తీసి పారేశాను. రాత్రి కూరకని నానబెట్టిన చిక్కుడు గింజలు కుండలో వేశాను, ఉల్లిపాయ వేశాను, అల్లం చితక్కొట్టి వేశాను, నీళ్ళు పోశాను. ఉడుకు పట్టేసరికి కుండ మూత టకటకలాడటం మొదలైంది. ఈ చప్పుడుకే మా పిల్లలిద్దరూ పెరిగారు. జ్వరం వచ్చినా ఇదే, పరీక్ష పోయినా ఇదే, స్నేహితుడితో మాటలు లేకపోయినా ఇదే. నాకు మాటలు రావు, వచ్చినవన్నీ జాగ్రత్త, పడతావు, వద్దు, అనే మాటలే. మిగతావన్నీ కుండలో వేసి ఉడకబెట్టేదాన్ని. వాడు పోయిన రోజు పొయ్యి మీద ఉన్న సూపు ఎవరు దించారో, ఏమైందో ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత మళ్ళీ చెయ్యలేదు. ఇవాళ చెయ్యి దానంతటదే చేసేసింది. ఉప్పు చూశాను, సరిపోయింది. ఆ ఉప్పు సరిపోవడం చూసి కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఇంత దుఃఖంలోనూ ఉప్పు సరిపోతుంది. చెయ్యి మరిచిపోదు. ఆవిరి మొహానికి తగులుతూ ఉంది, కిటికీలో వెలుగు పల్చబడుతూ ఉంది, ఏడుస్తూనే గరిటె తిప్పుతున్నాను, అడుగంటకూడదు కదా.

వాసన మారింది. నారింజ వాసన వెనక్కి తగ్గి, కాలిన చక్కెర వాసన ముందుకు వచ్చింది. ఓవెన్ తీసి, చీపురు పుల్ల ఒకటి కడిగి గుచ్చి చూశాను. పుల్ల పొడిగా వచ్చింది. అయిపోయింది. కేకు అయిపోయింది, అది రాలేదు.

పొడిగా వచ్చిన ఆ పుల్లని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. తర్వాత గిన్నెని మళ్ళీ లోపలికి తోశాను. తలుపు మూశాను. అవ్వలేదు. మధ్యలో ఇంకా పచ్చిగా ఉండి ఉంటుంది, నేను అంచున గుచ్చానేమో, అవ్వలేదు ఇంకా. అవ్వలేదు కాబట్టి దానికి ఆలస్యం కాలేదు. పీట మీద కూర్చుని అద్దంలోంచి చూస్తున్నాను, అంచులు గోధుమరంగు దాటుతున్నాయి, నేను చూస్తూనే ఉన్నాను, ఇంకాస్త ముదురుతున్నాయి, ఫరవాలేదు, గోకేయొచ్చు, మాడినంత మేర గోకేయొచ్చు. గిన్నె అంచున సన్నగా పొగ లేచింది. వంటింట్లో ఒక్క వస్తువూ వృథా పోనివ్వని మనిషిని, ఒక పూటంతా చేసిన కేకుని కళ్ళతో చూస్తూ నేనే మాడ్చేస్తున్నాను. మాడనీ. ఇల్లంతా పొగ నిండనీ, బొగ్గు అవనీ, బొగ్గయినా సరే అవ్వలేదనే అంటాను, అది వచ్చి ఆ గుమ్మంలో నిలబడేదాకా.

కింద వీధి తలుపు పడింది. మెట్ల మీద బూట్లు. తాళ్ళు వదులుగా ఉన్న బూట్ల చప్పుడు వేరు, మడమ ఒకసారి, నేల ఒకసారి. నేను లేవలేదు. లేస్తే అది వేరే ఎవరిదో అవుతుందేమోనని లేవలేదు.

"అమ్మా, మాడు వాసన" అంది గుమ్మంలోంచే.

"ఇంకా అవ్వలేదే" అన్నాను.

అది గబగబా వచ్చి, మీట తిప్పి, గుడ్డతో గిన్నె పట్టుకుని తీసి బల్ల మీద పెట్టింది. అంచులన్నీ నల్లగా ఉన్నాయి. కేకు వంక చూసింది, కోటు విప్పకుండానే కూర్చున్న నా వంక చూసింది. అన్నీ అర్థమైనట్టే ఉంది. ముక్కు ఎర్రగా ఉంది, కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి. అప్పుడు టోపీ తీసింది. నడుం దాకా ఉండే జుట్టు లేదు. మెడ పైకి కత్తిరించి ఉంది, మగపిల్లాడి క్రాపులా.

"ఎవరే, ఎవరే కోసింది?"

"సెలూన్లో."

ఏ సెలూన్లో అని అడగబోయి అడగలేదు. అది కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సెలవులు కదా, మూసి ఉంటుందిలే అనుకున్నానమ్మా. మూసి ఉంటే బాగుణ్ణు అని కూడా అనుకున్నా. తీసే ఉంది. ఆడపిల్లలకి చెయ్యనమ్మా అన్నాడు ఆయన. నేనెవరో చెప్పా. చేతిలో దువ్వెన కింద పడేశాడు."

"ఆ కుర్చీ..."

"ఉంది. మూలకి జరిపి దాని మీద తువ్వాళ్ళు పేర్చుకుంటున్నాడు. ఎవర్నీ కూర్చోనివ్వట్లేదట. నేను కూర్చుంటానన్నా. చాలాసేపు ఒప్పుకోలేదు. తర్వాత తువ్వాళ్ళు తీసి, సీటు తుడిచాడు."

ఆ మనిషిని ఒక్క మాట అడగాలని నేను ఎన్నిసార్లు చెప్పులు వేసుకున్నానో, ఎన్నిసార్లు విప్పేశానో. ఇప్పుడు ఆ మాట దీన్నే అడిగాను.

"నొప్పి పడ్డాడా అని అడిగావా?"

"అడిగా. లేదట. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగాడట. ఏదో గుర్తు చేసుకుంటున్నాడేమో అనుకుని, కత్తెర పట్టుకుని అలాగే ఎదురుచూశాడట ఆయన, మిగతా మాట చెప్తాడని."

"ఏం మాట్లాడుతున్నాడట?"

పిట్ట నవ్వబోయింది, నవ్వు సగంలో పెదవి వంకర తిరిగింది. "చెవుల మీద కాస్త ఉంచన్నా, మొత్తం తీసెయ్యకు, గాలి తగిలిందంటే మా అమ్మ ఇల్లు పీకి పందిరేస్తుంది, అన్నాడట."

సూపు మూత టకటకలాడుతోంది. నేను వెళ్ళి దాన్ని కాస్త పక్కకి జరిపాను, ఎందుకు జరిపానో తెలీదు, చేతికి అదొక్కటే తోచింది. ఆ రోజు నేను భయపడలేదు. పాడుకున్నాను. నా వంతు భయం వాడు పట్టుకెళ్ళాడు, ఆ కుర్చీలో కూర్చుని, నవ్వుతూ, నా మాటలు నాకన్నా ముందు వాడే అనేశాడు. చెవుల మీద ఉంచారా మరి? సగం క్రాపులో ఏ సగం అది? నేను చూశాను కదా వాణ్ణి, చివరిసారి చూశాను కదా, ఎంత వెతుక్కున్నా ఆ చెవులు గుర్తు రావట్లేదు. రాకపోనీ. అన్నాడు. అనే పోయాడు.

పిట్ట వెనక్కి వచ్చి నిలబడ్డాను. కాలరు నిండా కత్తిరించిన వెంట్రుకలు, చిన్న చిన్నవి, గుచ్చుకుంటూ. ఒక్కొక్కటే ఏరుతుంటే వేళ్ళు దాని మెడకి తగిలాయి. నదిలోంచి తీసినట్టు చల్లగా ఉంది మెడ. నోరు తెరిచాను, ఒట్టు గుర్తొచ్చి మూసేశాను.

"ఏంటి, ఆగిపోయావు?" అంది, వెనక్కి తిరక్కుండా.

"ఏం లేదు."

"అనమ్మా."

"ఏం లేదే."

"అను" అంది. దాని భుజాలు వణుకుతున్నాయి. "అనవే అమ్మా."

"మెడ చూడు ఎలా ఉందో" అన్నాను. "ఈ చలిలో ఉన్న జుట్టంతా కోయించుకుని, తాళ్ళు కట్టుకోకుండా ఆ మంచులో నడిచి, జారి ఉంటే ఏమయ్యేది, నెత్తికి గాలి తగిలిందంటే జ్వరమొస్తుంది, తువ్వాలు కప్పుకో, ఇలా పొయ్యి దగ్గరికి జరుగు."

జరిగింది. తల వెనక్కి వాల్చి నా పొట్టకి ఆనించి, కళ్ళు మూసుకుంది.

"ఇంకా" అంది.